బావి మూసే ముందు తేలాల్సిన లెక్కలు

1990ల మొదట్లో సింగరేణి బొగ్గు గనుల్లో లక్షా పదహారు వేల మంది దాకా పనిచేసేవాళ్లు. అప్పట్లో ఏడాదికి తీసిన బొగ్గు రెండు కోట్ల టన్నుల లోపే. 2023-24లో తీసింది 7 కోట్ల టన్నులు. ఇప్పుడు పర్మినెంట్ కార్మికులు నలభై వేల చిల్లర. బొగ్గేమో మూడున్నర రెట్లకు పైగా పెరిగింది, మస్టర్‌లో పేర్లేమో మూడో వంతుకు పడిపోయాయి.

ఈ రెండు అంకెలూ నోటికి రాకుండా గోదావరిఖనిలోనో మందమర్రిలోనో నిలబడి "బొగ్గు వద్దు" అనేవాళ్లకు అక్కడ చెల్లుబాటు ఉండదు. "తమ్మీ, బాయి మూస్తె మాకేమొస్తది?" అని గేటు దగ్గర ఎవరో ఒకరు అడుగుతారు. బావి అంటే ఇక్కడ బొగ్గు గనే. అడిగినాయన వాతావరణ మార్పును నమ్మక అడగడం లేదు. మే నెలలో ఓసీలో, అంటే పైనుంచి తవ్వే ఓపెన్ కాస్ట్ గనిలో, డంపర్ నడిపేవాడికి ఎండ ముదిరిందని మనం చెప్పాలా? ఆయనకు తెలిసింది ఇంకోటుంది. ఈ నేల మీద బావులు మూతపడటం కొత్త కాదు. మూసినప్పుడల్లా కాలనీలు ఖాళీ అయ్యాయి, బజార్లు పడుకున్నాయి, పొగ మాత్రం తగ్గలేదు. అండర్‌గ్రౌండ్ బావి నష్టాల్లో ఉందని మూసి, పక్కనే ఓపెన్ కాస్ట్ తెరిచారు. అంటే న్యాయం లేని మూసివేత ఇక్కడ ముప్పై ఏళ్లుగా నడుస్తూనే ఉంది, అదీ కర్బనం ఒక్క టన్ను కూడా తగ్గించకుండా.

2023లో దుబాయిలో జరిగిన ఐక్యరాజ్య సమితి వాతావరణ సదస్సు, కాప్-28, తీర్మానంలో శిలాజ ఇంధనాల నుంచి న్యాయంగా, క్రమపద్ధతిలో, సమానత్వంతో మళ్లాలని రాశారు. 2015 పారిస్ ఒప్పందం పీఠికలోనూ కార్మికులకు న్యాయమైన పరివర్తన అన్న మాట ఉంది. మన దేశం 2070కి నెట్ జీరో అంటోంది. ఇవన్నీ పైమాటలు. కింద, బావి దగ్గర, ఇది నాలుగైదు ఖాతాల లెక్క. ఆ ఖాతాలు ఎక్కడున్నాయో, ఎలా చదవాలో తెలిసినవాళ్లే ఇక్కడ వాతావరణ ఉద్యమాన్ని నడపగలరు.

ఇంకో మాట. సోంపేట బీలలో 2010లో జరిగింది వేరే రకం పోరాటం. అక్కడ తడి నేల మీద, చేపల మీద బతికే జనం రాబోయే థర్మల్ ప్లాంటును అడ్డుకున్నారు, పోలీసు కాల్పుల్లో ప్రాణాలు కూడా పోయాయి. కొత్త ప్లాంటును ఆపేటప్పుడు జనం జీవనాధారం మన వైపు ఉంటుంది. నడుస్తున్న బావిని మూసేటప్పుడు అదే జీవనాధారం ఎదుటి వైపు ఉంటుంది. సోంపేట నినాదాన్ని తెచ్చి భూపాలపల్లిలో ఇస్తే పనిచేయనిది అందుకే.

ఎవరి పేరు ఏ పుస్తకంలో ఉంది

ముందు మనుషుల లెక్క. పర్మినెంట్ కార్మికుడికి వేజ్ బోర్డు జీతం, క్వార్టర్, ఆసుపత్రి, లాభాల్లో వాటా, మెడికల్ అన్‌ఫిట్ అయితే బిడ్డకు కారుణ్య నియామకం ఉంటాయి. బావి మూస్తే ఆయన్ని ఇంకో బావికి బదిలీ చేస్తారు. శ్రీరాంపూర్ నుంచి మణుగూరుకో, ఇప్పుడైతే ఒడిశాలోని నైనీ గనికో. కుటుంబం చెదురుతుంది, పిల్లల బడి మారుతుంది, కానీ జీతం ఆగదు. పరివర్తనలో అందరికన్నా తక్కువ దెబ్బ తగిలేది ఈయనకే. గొంతు పెద్దగా వినిపించేదీ ఈయనదే, ఎందుకంటే గుర్తింపు సంఘానికి ఓటు వేసేది ఈయన.

రెండో పుస్తకం కాంట్రాక్టరు చేతిలో ఉంటుంది. ఓపెన్ కాస్ట్‌లో టన్ను బొగ్గు తీయాలంటే సగటున అయిదారు ఘనపు మీటర్ల మట్టిని ఎత్తిపోయాలి. ఈ ఓబీ (ఓవర్‌బర్డెన్, బొగ్గు మీది మట్టి) పని ఎక్కువగా ప్రైవేటు కాంట్రాక్టర్లదే. వీళ్ల డ్రైవర్లు, హెల్పర్లు, సివిల్ పనివాళ్లు, ఊడ్చేవాళ్లు, సెక్యూరిటీ వాళ్లు కంపెనీ మస్టర్‌లో ఉండరు. కోల్ ఇండియాలో కాంట్రాక్టు కార్మికులకు హైపవర్ కమిటీ ఖరారు చేసిన వేతనాలు తమకూ ఇవ్వాలని వీళ్లు ఎన్నేళ్లుగానో అడుగుతున్నారు.

చట్టం దగ్గర చిక్కు ఇక్కడే మొదలవుతుంది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం 300 మందికి తక్కువ కాకుండా పనిచేసే గని మూయాలంటే ముందే ప్రభుత్వ అనుమతి కావాలి. ఉద్యోగం నుంచి తొలగించినవాళ్లకు ఒక్కొక్కరికి 15 రోజుల వేతనం రీ-స్కిల్లింగ్ నిధి నుంచి 45 రోజుల్లో ఖాతాలో పడాలి. వినడానికి బాగానే ఉంటుంది. కానీ కాంట్రాక్టరు కింద 120 మంది ఉంటే ఈ అనుమతి గొడవే రాదు. కాంట్రాక్టు గడువు ముగిసిందని పంపేస్తే "తొలగింపు" అన్న మాట కాగితం మీదకే రాదు. అందుకని మూసివేత గురించి మాట్లాడే ముందు ఆ బావిలో ఎన్ని కాంట్రాక్టులున్నాయి, ఒక్కో దాంట్లో ఎంతమంది, గడువు ఎప్పటిదాకా అన్న పట్టిక చేతిలో ఉండాలి. పీఎఫ్ చలాన్ల లెక్క అడిగితే అసలు సంఖ్య బయటపడుతుంది. కాంట్రాక్టరు నోటి లెక్కను నమ్మకండి.

మూడో గుంపుకు పుస్తకమే లేదు. సైడింగ్ దగ్గర లారీ క్లీనరు, గేటు ముందు టిఫిన్ బండి, క్వార్టర్లలో పాలు పోసే ఆమె, వీళ్లు. నాలుగోది భూమి పోయినవాళ్లు. ఓసీ కింద ఊరు పోయింది, నష్టపరిహారం ఇల్లు కట్టుకోవడానికి సరిపోయింది, ఇంట్లో ఒకరికి కాంట్రాక్టు పని దొరికింది. బావి మూస్తే ఈ ఇంట్లో పనీ పోతుంది, పొలం ఎలాగూ లేదు.

ఎస్క్రో ఖాతా

గని మూసివేతకు డబ్బు ముందే పక్కన పెట్టాలని బొగ్గు మంత్రిత్వ శాఖ 2009 నుంచే నిబంధన పెట్టింది. కంపెనీ, బ్యాంకు, కోల్ కంట్రోలర్ (బొగ్గు గనుల్ని చూసే కేంద్ర అధికారి) ముగ్గురూ సంతకం పెట్టిన ఎస్క్రో ఖాతాలో, అంటే కంపెనీ తనంతట తాను తీయలేని ఖాతాలో, ఏటా జమ చేయాలి. పాత రేటు 2009 ధరల్లో ఓపెన్ కాస్ట్‌కు హెక్టారుకు 6 లక్షలు, అండర్‌గ్రౌండ్‌కు లక్ష. 2020 నాటి మార్గదర్శకాల్లో 2019 ధరల మీద అది 9 లక్షలు, లక్షన్నర అయింది. టోకు ధరల సూచీని బట్టి ఇది పెరుగుతుంది.

ఒక ఊహా గనితో లెక్క వేద్దాం. వెయ్యి హెక్టార్ల ఓసీ, ఆయుష్షు 20 ఏళ్లు. మొత్తం 90 కోట్లు. 20తో భాగిస్తే మొదటి ఏడాది జమ నాలుగున్నర కోట్లు. ఆ తర్వాత ఏటా 5 శాతం చక్రవృద్ధితో పెంచుతూ పోవాలి. ఇరవయ్యో ఏట కట్టాల్సింది సుమారు 11.4 కోట్లు. ఇరవై ఏళ్లలో జమయ్యేది, వడ్డీ కలపకుండా, దాదాపు 149 కోట్లు.

ఇప్పుడు అసలు కిటుకు. ప్రతి అయిదేళ్లకూ, అప్పటిదాకా చేసిన పునరుద్ధరణ పని మేరకు, జమలో కొంత వాటా కంపెనీ వెనక్కి తీసుకోవచ్చు. మొక్కలు నాటాం, గుట్ట వాలు సరిచేశాం, కాలువలు తవ్వాం అని చూపించి, మూడో సంస్థ తనిఖీ చేయించి తీసుకుంటారు. చివరి మూసివేతకు గ్యారంటీగా మిగిలేది ఆ మిగతా వాటానే. ఆ అయిదేళ్ల పని సరిగా జరిగి ఉంటే ఇది చాలుతుంది. జరగకపోతే, గుట్ట మీద నాటిన మొక్కల్లో బతికినవెన్నో ఎవరూ లెక్కపెట్టకపోతే, చివర్లో పని మొత్తం మిగులుతుంది, డబ్బు మిగలదు. అడగాల్సింది "ఎన్ని లక్షల మొక్కలు నాటారు" అని కాదు, మూడో ఏడాది చివర బతికి ఉన్నవెన్ని అని.

అండర్‌గ్రౌండ్‌కు ఇదే లెక్క వేస్తే నవ్వొస్తుంది. 300 హెక్టార్ల బావి, హెక్టారుకు లక్షన్నర అంటే నాలుగున్నర కోట్లు. వెయ్యి మంది రెండు తరాలు బతికిన బావికి మూసివేత నిధి అది. షాఫ్టు (నిట్టనిలువు బావి) నోరు కట్టడానికి, కంచె వేయడానికి, కట్టడాలు కూల్చడానికి సరిపోతుందేమో. మనుషుల సంగతికి ఆ 2020 మార్గదర్శకాల్లో చోటు దాదాపు లేనట్టే. ఖర్చుల పట్టికలో వృత్తి శిక్షణ లాంటి పద్దు ఒకటుంటుంది, చూస్తే చాలా చిన్నది. కాబట్టి "ఎస్క్రో నుంచి కార్మికులకు ఇవ్వండి" అన్న డిమాండ్‌కు అర్థం లేదు. అది నేల బాగుచేసే డబ్బు, నేలకే ఖర్చు కావాలి. మనుషులకు వేరే ఖాతా కావాలని అడగాలి.

చివరి మూసివేత ప్రణాళికను గని మూయడానికి కనీసం అయిదేళ్ల ముందు సమర్పించాలి. ఉద్యమానికి పనికొచ్చే గడువు ఇదొక్కటే. అయిదేళ్లుంటే రిటైరయ్యేవాళ్లెవరు, నైపుణ్యం మారాల్సినవాళ్లెవరు, ఎవరి అప్పు ఎప్పటికి తీరుతుంది అన్నీ తేల్చవచ్చు. మరి గడువు ఎలా తప్పుతుంది? బావిని "మూశాం" అనరు. "తాత్కాలికంగా ఉత్పత్తి నిలిపాం" అంటారు. పర్మిషన్ రాలేదు, నీళ్లొచ్చాయి, గిట్టుబాటు కాలేదు అంటారు. తాత్కాలికం పదేళ్లు నడుస్తుంది. మనుషులు వెళ్లిపోతారు, కాగితం మీద మాత్రం గని బతికే ఉంటుంది గనక చివరి మూసివేత పనులు మొదలే కావు. దేశంలో ఇలాంటి బావులు వందల్లో ఉన్నాయి. శాస్త్రీయంగా మూసినట్టు మొట్టమొదటి ధ్రువపత్రాలు వచ్చింది 2025లో, అదీ మధ్యప్రదేశ్‌లోని మూడు అండర్‌గ్రౌండ్ గనులకు: పాథాఖేడా-1, పాథాఖేడా-2, సాత్పురా-2. బొగ్గు తవ్వకానికి రెండు వందల యాభై ఏళ్ల చరిత్ర ఉన్న దేశంలో పద్ధతిగా మూసి పత్రం ఇవ్వడం 2025లోనే మొదలైందంటే, మూయడం అనే పని మనకింకా చేతకాదనే అర్థం.

బావి మూస్తే నేల కింద ఏం జరుగుతుంది

సింగరేణి అండర్‌గ్రౌండ్ బావుల్లో ఎక్కువగా బోర్డ్ అండ్ పిల్లర్ పద్ధతి. గ్యాలరీలు తవ్వుతూ మధ్యలో బొగ్గు దిమ్మెలు వదిలేస్తారు, చివర్లో ఆ పిల్లర్లు కూడా తీస్తారు. తీసిన చోట ఇసుకతో నింపితే పైకప్పు నిలుస్తుంది. నింపకుండా కూలనిస్తే, అదే గోఫ్, పైన నేల కుంగుతుంది. కుంగడం ఏడాది రెండేళ్లలో చాలావరకు అయిపోతుంది. కానీ తక్కువ లోతులో పాతకాలంలో వదిలేసిన గ్యాలరీలుంటే ఎప్పుడు దిగుతుందో చెప్పలేం. అందుకే మూసివేత కాగితాల్లో అడగాల్సిన మొదటి పత్రం పని జరిగిన చోట్ల తుది సర్వే ప్లాను. ఎక్కడ పిల్లర్లు తీశారు, ఎక్కడ ఇసుక నింపారు, ఎక్కడ అలాగే వదిలారు అన్నది ఆ ప్లానులో రంగుల్లో ఉంటుంది. ఆ ప్లాను గ్రామ పంచాయతీలో లేకపోతే, ఇరవై ఏళ్ల తర్వాత ఎవరో దాని మీద ఇల్లు కట్టుకుంటారు.

రెండోది నీళ్లు. బావి నడిచినంత కాలం పంపులు రాత్రింబవళ్లు తిరుగుతాయి. ఆ నీళ్లు ఫిల్టర్ బెడ్‌కు, కాలనీ కుళాయికి, చుట్టుపక్కల చెరువుకు పోతాయి. చాలా ఊళ్లకు వేసవిలో చెరువు నిండేది గని నీళ్లతోనే. పంపు ఆపిన రోజు రెండు జరుగుతాయి. పైన చెరువు ఎండుతుంది, కింద బావి నిండుతుంది. నిండిన బావికి, పక్కన ఇంకా నడుస్తున్న బావికి మధ్య తవ్వకుండా వదిలిన బొగ్గు గోడ, అంటే బ్యారియర్, మందం సరిపోదా, నీళ్లు అక్కడి మనుషుల మీదకొస్తాయి. జర్మనీ రూర్ ప్రాంతంలో ఆఖరి గట్టి బొగ్గు గనిని 2018 డిసెంబర్‌లో మూశారు. పంపులు మాత్రం ఇప్పటికీ నడుస్తున్నాయి, ఎప్పటికీ నడుస్తూనే ఉండాలి. నేల అంత కుంగింది, ఆపితే ఊళ్లు మునుగుతాయి. ఆ ఖర్చును అక్కడ "శాశ్వత భారం" అంటారు, దానికోసమే ఒక ఫౌండేషన్ పెట్టి డబ్బు కేటాయించారు. మన దగ్గర మూసివేత తర్వాత పంపు కరెంటు బిల్లు ఎవరు, ఎన్నేళ్లు కట్టాలన్నది ప్రణాళికలో ఒక వాక్యంగానైనా ఉండాలి. లేదంటే బిల్లు పంచాయతీ నెత్తిన పడుతుంది, నెల తిరిగేసరికి ఫ్యూజు పీకేస్తారు.

మూడోది మంట. గోదావరి లోయ బొగ్గు గాలి తగిలితే తనంతట తానే వేడెక్కుతుంది. సీల్ చేసిన చోట ఇటుక గోడ బీటలిస్తే గాలి లోపలికి పోతుంది, గోఫ్ అంటుకుంటుంది. ఓబీ గుట్టల్లో కలిసిపోయిన బొగ్గు పొడి కూడా అంతే, వాన తర్వాత గుట్ట పక్క నుంచి ఆవిరి పొగ లేచిందంటే లోపల కాలుతోందని. ఇంక్లైన్ (గనిలోకి దిగే ఏటవాలు సొరంగం) నోటికి గోడ కట్టి వదిలేస్తే సరిపోదు. గోడకు గాలి నమూనా తీసే పైపు ఉండాలి, కార్బన్ మోనాక్సైడ్ ఎంతుందో నెలకోసారి చూడాలి. పాత ఇనుము, రాగి తీగల కోసం గోడకు కన్నం పెట్టి లోపలికి దూరేవాళ్లు ఉంటారు. లోపల ఆక్సిజన్ ఉండదు. కాపలా లేని గోడ గోడ కాదు.

ఓపెన్ కాస్ట్ సంగతి పైకి కనిపిస్తుంది గనక దాని గురించి అందరూ రాస్తారు. ఇక్కడ రెండు మాటలే. ఓబీ గుట్టలో ఒక్కో మెట్టు 30 మీటర్లు మించకూడదు, మొత్తం వాలు 28 డిగ్రీలు దాటకూడదు అని పర్యావరణ అనుమతుల్లో మామూలుగా రాస్తారు. ఫోన్‌లోని వాలు కొలిచే యాప్‌తో కూడా ఇది ఎవరైనా చూడొచ్చు. తొలి పొర మట్టిని విడిగా దాచి తిరిగి పరచాలి. దాన్ని గుట్ట అడుగున పూడ్చేస్తే పైన రాళ్ల మట్టి మీద నీలగిరి తప్ప ఏదీ బతకదు. ఆ నీలగిరి చూపించి అడవి అంటారు.

టన్నుతో ముడిపడ్డ పైసలు

బొగ్గు గని కార్మికుల పెన్షన్ పథకం 1998లో వచ్చింది. కార్మికుడి వాటా 7 శాతం, కంపెనీ వాటా 7 శాతం. రిటైరైన రోజు ఎంత ఖరారైతే చచ్చేదాకా అంతే, కరువు భత్యం కలవదు. పాతికేళ్ల కింద రిటైరైనాయన అందుకునేది చూస్తే బాధేస్తుంది. కనీస పెన్షన్ వెయ్యి రూపాయలు చేయడానికే పాతికేళ్ల దాకా పట్టింది. ఉద్యోగంలో ఉన్నవాళ్లు తగ్గి పెన్షనర్లు పెరగడంతో నిధి తరిగిపోతుంటే, బొగ్గు కంపెనీలు అమ్మిన ప్రతి టన్నుకూ 10 రూపాయలు జమ చేసే ఏర్పాటు పెట్టారు.

చూశారా ముడి ఎక్కడుందో? రిటైరైన కార్మికుడి పెన్షన్ బొగ్గు టన్నేజీ మీద నిలబడింది. బొగ్గు తగ్గితే పెన్షన్ నిధి తగ్గుతుంది. "బొగ్గు తగ్గించాలి" అని మనం అన్నప్పుడల్లా డెబ్బై ఏళ్ల ముసలాయన "నా వెయ్యి పోతది" అని వింటాడు. ఆయన తప్పేం లేదు. కాబట్టి పెన్షన్ నిధిని టన్నేజీ నుంచి విడదీసి కేంద్ర బడ్జెట్ హామీలోకి తేవాలన్నది వాతావరణ ఉద్యమం మొదటి డిమాండ్లలో ఉండాలి. ఇన్ని వాతావరణ సభలు జరుగుతాయి, ఈ మాట ఎత్తే బ్యానర్ ఒక్కటి కనపడదు. కార్మిక సంఘాలతో చేయి కలపడానికి ఇంతకన్నా తేలికైన చోటు లేదు.

రెండో ముడి జిల్లా ఖనిజ నిధి, డీఎంఎఫ్. బొగ్గు మీద రాయల్టీ ధరలో 14 శాతం. పాత లీజులకు ఆ రాయల్టీలో 30 శాతం డీఎంఎఫ్‌కు పోతుంది. టన్ను 3,000 అనుకుంటే రాయల్టీ 420, డీఎంఎఫ్ 126. ఏడాదికి పది లక్షల టన్నులు తీసే గని నుంచి జిల్లాకు 12 కోట్ల 60 లక్షలు. బావి మూసిన ఏడాది అది సున్నా. ఈ నిధిని సీసీ రోడ్లకు, సైడు కాలువలకు, ఆర్చీలకు పెట్టేస్తూ పోతే మూసిన తర్వాత ఏమీ మిగలదు. ఖర్చు మార్గదర్శకాల్లోనే ఒక వాక్యం ఉంది, ఏటా వచ్చేదాంట్లో సముచిత మొత్తాన్ని స్థిర జీవనోపాధి కోసం మూలనిధిగా దాచవచ్చని. ఎవరూ దాన్ని పట్టించుకోరు, ఎందుకంటే మూలనిధికి శిలాఫలకం వేయలేం కదా. గ్రామసభలో ఆ వాక్యం చదివి, మన గని వాటాలో ఇంత శాతం అందులో వేయాలని తీర్మానం రాయించండి.

మూడోది, పెద్దది, జారిపోయింది. 2010లో టన్నుకు 50 రూపాయల శుద్ధ ఇంధన సెస్సు పెట్టారు. 100, 200 అయి 2016లో 400కు చేరింది. 2017-18 దాకా వసూలైంది 86,440 కోట్లు. శుద్ధ ఇంధన నిధికి బదిలీ అయింది 29,645 కోట్లు, అందులోంచి ప్రాజెక్టులకు పోయింది 15,911 కోట్లు. 2017 జూలైలో జీఎస్టీ రావడంతో ఆ 400 రాష్ట్రాల పరిహార సెస్సుగా మారింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి అదీ తీసేసి, బొగ్గు మీద జీఎస్టీని 5 నుంచి 18 శాతం చేశారు. టన్ను 3,000 అయితే మునుపు 150, 400 కలిపి 550, ఇప్పుడు 540. పన్ను దాదాపు అంతే, కానీ "ఇది బొగ్గు ప్రాంతాలది" అని చెప్పుకునే పేరు కూడా మిగల్లేదు. ఏడు కోట్ల టన్నుల మీద టన్నుకు 400 అంటే ఏటా 2,800 కోట్లు ఒక్క సింగరేణి బొగ్గు మీదే. అందులో పదో వంతు బొగ్గు జిల్లాలకు పేరు పెట్టి ఇచ్చినా, కాంట్రాక్టు కార్మికుడికి మూసివేత భృతి ఎక్కడి నుంచి తేవాలన్న ప్రశ్నకు ఒక జవాబు దొరికేది.

సోలార్ వస్తుంది, మనుషుల్ని తీసుకోదు

సింగరేణి సొంతంగా 200 మెగావాట్లకు పైగా సోలార్ పెట్టింది. రామగుండం ఎన్టీపీసీ జలాశయం మీద 100 మెగావాట్ల తేలియాడే ప్లాంటు 2022లో పూర్తయింది, అది పరుచుకున్నది 500 ఎకరాల మేర. మంచిదే. కానీ సోలార్ ప్లాంటు కట్టేటప్పుడే మనుషులు కావాలి, నడపడానికి కాదు. పలకలు కడగడం, గడ్డి కోయడం, కాపలా, నలుగురైదుగురు టెక్నీషియన్లు, అంతే. అదీ మళ్లీ కాంట్రాక్టు మీదే. "బావి పోతే సోలార్ ఉద్యోగాలొస్తాయి" అని వేదిక మీద చెప్పేవాళ్లు ఒక సోలార్ ప్లాంటు గేటు దగ్గర షిఫ్టు మారేటప్పుడు నిలబడి, ఎంతమంది బయటికొస్తారో లెక్కపెట్టుకుని రావాలి.

పాత ఓసీ గుంతల్లో పంప్డ్ స్టోరేజీ (కరెంటు మిగిలినప్పుడు నీళ్లు పైకి తోడి, కావాల్సినప్పుడు కిందికి వదిలి కరెంటు తీసే ఏర్పాటు) పెట్టాలన్న ప్రతిపాదనలు, రామగుండం దగ్గరి మేడిపల్లి లాంటివి, ఇంకొంచెం ఆశ పుట్టిస్తాయి. పంపులు, వాల్వులు, మోటార్లు, హై వోల్టేజీ పని ఇక్కడి ఫిట్టర్లకు, ఎలక్ట్రీషియన్లకు చేతిలో పని. చిక్కల్లా పత్రాలతో. గనిలో పని చూసే మైనింగ్ సర్దార్, ఓవర్‌మెన్ సర్టిఫికెట్లకు గని బయట విలువ లేదు. పదిహేనేళ్లు పంపు నడిపిన జనరల్ మజ్దూర్ దగ్గర అయితే అసలు కాగితమే ఉండదు. అందుకే నైపుణ్య గుర్తింపు పరీక్షలు మస్టర్ పడుతున్నప్పుడే, జీతం పోకుండా, డ్యూటీ రోజుల్లోనే పెట్టించాలి. బావి మూశాక శిక్షణ అంటే ఎవరూ రారు. అప్పటికి మనిషి హైదరాబాద్‌లో ఏదో అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా వెళ్లిపోయి ఉంటాడు.

దక్షిణాఫ్రికాలో కోమాటి థర్మల్ కేంద్రాన్ని 2022 అక్టోబర్‌లో ఆపేశారు. ప్రపంచ బ్యాంకు 49.7 కోట్ల డాలర్లు ఇచ్చింది. దాని స్థానంలో సోలార్, గాలి మరలు, బ్యాటరీలు, శిక్షణ కేంద్రం అన్నారు. పర్మినెంట్ ఉద్యోగులకు కంపెనీలో వేరే చోటు దొరికింది. కాంట్రాక్టు వాళ్లు, చుట్టూ బతికిన చిన్న వ్యాపారులు రోడ్డున పడ్డారు. ముందస్తు ప్రణాళిక, స్థానికులతో చర్చ చాలలేదని ఆ దేశ అధ్యక్షుడి వాతావరణ కమిషనే తర్వాత తేల్చింది. ప్లాంటు మూసిన తేదీ ముందొచ్చింది, కొత్త పని తేదీ తర్వాతెప్పుడో అన్నదే అక్కడి తప్పు. మన పాల్వంచలో 720 మెగావాట్ల పాత కేటీపీఎస్ (కొత్తగూడెం థర్మల్ కేంద్రం) యూనిట్లు ఆగాయి, 2024 ఆగస్టు 5న ఎనిమిది కూలింగ్ టవర్లూ క్షణాల్లో కూలాయి. ఆ వీడియో అందరూ చూశారు. ఆ గేటు ముందు హోటళ్ల సంగతి ఎవరూ వీడియో తీయలేదు.

ఏజెన్సీలో ఇంకో జాగ్రత్త ఉంది. మణుగూరు, ఇల్లెందు వైపు షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం ఉంది, అక్కడి భూముల్ని ప్రైవేటు గని కంపెనీలకు లీజుకివ్వకూడదన్న 1997 నాటి సుప్రీంకోర్టు సమతా తీర్పు ఉంది. తవ్వేసిన నేలను "గ్రీన్" పేరుతో ప్రైవేటు సోలార్ కంపెనీకి లీజుకిస్తామంటే ముందు ఈ రెండూ ఎదురు పెట్టి అడగాలి. బొగ్గు కోసం పోయిన భూమి సూర్యుడి కోసం ఇంకొకరి చేతికి పోతే ఆదివాసీకి తేడా ఏముంది?

కార్మిక సంఘాలు 2021 డిసెంబర్‌లో మూడు రోజులు సమ్మె చేసి నాలుగు బ్లాకుల వేలాన్ని వ్యతిరేకించాయి, ఆ బ్లాకులు సింగరేణికే ఇవ్వాలని. వాతావరణ కార్యకర్తలకు ఇది మింగుడు పడదు, ఎవరు తవ్వినా బొగ్గు బొగ్గే కదా అంటారు. పొగ లెక్కలో నిజమే. మూసివేత లెక్కలో కాదు. ప్రభుత్వ కంపెనీ అయితే సమాచార హక్కు దరఖాస్తు వేయొచ్చు, వేజ్ బోర్డు ఉంటుంది, మూసినప్పుడు బదిలీ చేయడానికి ఇంకో బావి ఉంటుంది. వేలంలో కొన్నవాడు పూర్తిగా కాంట్రాక్టు మనుషులతో తవ్వి, ధర పడిపోయిన ఏడాది తాళం వేసి పోతే ఎవర్ని పట్టుకుంటాం? కొత్త బ్లాకులు ఎవరికీ వద్దని మనం అనొచ్చు. కానీ సమ్మె చేసినవాళ్ల మీద విరుచుకుపడటం తెలివితక్కువ పని.

ఇక మొదలుపెట్టడానికి దరఖాస్తుకు పది రూపాయలు చాలు. సమాచార హక్కు దరఖాస్తు ఒకటి కంపెనీకి, ఒకటి కోల్ కంట్రోలర్‌కు. గని పేరు రాయండి, ఏరియా పేరు కాదు, ఏరియా అంటే మొత్తం కలిపి ఒక అంకె పంపిస్తారు. ఆమోదించిన మూసివేత ప్రణాళిక నకలు, ఎస్క్రో ఖాతాలో ఏడాదివారీ జమలు, వెనక్కి తీసుకున్న మొత్తాలు, వాటికి జతచేసిన తనిఖీ నివేదికలు, మిగిలిన బొగ్గు నిల్వ, అంచనా వేసిన మూసివేత సంవత్సరం, కాంట్రాక్టుల జాబితా. "వివరాలు తెలపగలరు" అని రాయకండి, "ధ్రువీకరించిన నకలు ఇవ్వండి" అని రాయండి. ముప్పై రోజుల్లో రాకపోతే మొదటి అప్పీలు. ఆలోగా జూన్ 1న, డిసెంబర్ 1న కంపెనీలు ఇవ్వాల్సిన అర్ధ సంవత్సర పర్యావరణ నివేదికలు వెబ్‌సైట్లలో వెతకండి. అదే గని గుట్ట వాలు, మొక్కల సంఖ్య రెండు చోట్లా వేర్వేరుగా ఉంటే, ప్రజాభిప్రాయ సేకరణ రోజు మైకు ముందు పెట్టాల్సిన కాగితాలు ఆ రెండే.